కోంబ్ జెల్లీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అవతలి వైపు కనిపించేంత పారదర్శకమైన ఒళ్లు, దాని మీద నిలువుగా ఎనిమిది గీతలు, ఆ గీతల వెంట పరుగెత్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు. ఈ వీడియో ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. గ్రాఫిక్స్ అని కొందరు, జెల్లీఫిష్ అని చాలామంది, ఒంట్లో కరెంటు పుడుతుందని ఇంకొందరు అంటుంటారు. మూడూ నిజం కావు. అసలు సంగతి వీటన్నిటికంటే విచిత్రంగా ఉంటుంది.

కోంబ్ జెల్లీ అంటే ఏమిటి?

సముద్రంలో మాత్రమే బతికే, ఎముకల్లేని, మెత్తటి జంతువు. జంతుశాస్త్రంలో ఈ వర్గాన్ని టీనోఫోరా అంటారు. ఇప్పటిదాకా పేరు పెట్టినవి రెండు వందల రకాలకు అటూ ఇటూగా ఉంటాయి. ఒంట్లో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా నీరే. ఎక్కువమంది చూసే ప్లూరోబ్రాకియా సుమారు రెండు సెంటీమీటర్లు ఉంటుంది, అంటే ఒక ఉసిరికాయంత. సెస్టమ్ అనే రకం మాత్రం మీటరు దాటిన పొడవుతో, పలచటి పట్టీ ఆకారంలో మెలికలు తిరుగుతూ ఈదుతుంది. అన్నీ తేలుతూ ఉండేవే అనుకోకండి. ప్లాటిక్టెనిడా గుంపులోవి నేల మీదా, పగడాల మీదా, నక్షత్ర చేపల వీపు మీదా చదునుగా అతుక్కుని పాకుతాయి. పెద్దయ్యాక వాటిలో చాలా రకాలకు దువ్వెన వరుసలే (పైన చెప్పిన ఎనిమిది గీతలే) ఉండవు కాబట్టి, చూసినవాళ్లు ఇదేదో మరక అనుకుని వదిలేస్తారు.

జెల్లీఫిష్, ఇదీ ఒకటి కాదా?

కాదు. రెండూ పారదర్శకంగా, జిగురుగా ఉంటాయి. పోలిక దాదాపుగా అంతే. జెల్లీఫిష్ తన గొడుగును ముడుస్తూ తెరుస్తూ నీటిని నెట్టి కదులుతుంది. కోంబ్ జెల్లీ ఒళ్లు కదపకుండానే జారిపోతుంది, కదిలేవి పైనున్న దువ్వెనలు మాత్రమే. జెల్లీఫిష్ ముల్లు గుచ్చి విషం ఎక్కిస్తుంది, ఇది జిగురుతో అంటిస్తుంది. వంశం ప్రకారం చూస్తే ఈ రెండింటి మధ్య దూరం మనకూ జెల్లీఫిష్‌కూ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ కావచ్చు. ఆ సంగతి కింద వివరంగా ఉంది.

ఆ రంగులు ఎలా వస్తాయి? ఒంట్లో లైట్లు ఉన్నాయా?

లేవు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ ఎనిమిది గీతల్లో ఒక్కోదాన్ని దగ్గరగా చూస్తే అది ఒకే గీత కాదని తెలుస్తుంది. అడ్డంగా అమర్చిన చిన్న చిన్న పలకలు వరుసగా ఉంటాయి. దువ్వెన పలకలంటే ఇవే. ఒక్కో పలక వేలాది శైలికలు పక్కపక్కన కలిసి ఏర్పడింది. శైలికలంటే కణాల మీద ఉండే కదిలే సన్నటి పోగులు. మన శ్వాసనాళంలో దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టేవి కూడా అవే. మనలో వాటి పొడవు మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. కోంబ్ జెల్లీలో మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా పెరిగి కంటికే కనిపిస్తాయి. శైలికలతో ఈదే జంతువుల్లో ఇంతకంటే పెద్దవి లేవు.

పలకలన్నీ ఒకేసారి కొట్టుకోవు. నోటికి అవతలి కొసన మొదటి పలక లేస్తుంది, రెప్పపాటు తేడాతో దాని పక్కది, తర్వాత ఆ పక్కది. అల నోటి వైపుకి సాగుతుంది, నీరు వెనక్కి పోతుంది, జంతువు నోరు ముందుకి పెట్టి కదులుతుంది.

పలకలో శైలికలు చాలా క్రమంగా, సమాన దూరంలో పేర్చి ఉంటాయి. ఆ దూరం వెలుగు తరంగాల పొడవుకు దగ్గరగా ఉండటంతో, పైన పడ్డ తెల్లని వెలుగు రంగులుగా విడిపోయి తిరిగొస్తుంది. సీడీ వెనక వైపు కనిపించే రంగులకూ కారణం ఇలాంటిదే. పలక వంగే కోణం మారేకొద్దీ మన కంటికి చేరే రంగు మారుతుంది. అందుకే అల సాగినట్టే రంగులూ సాగుతాయి. మనం చూసే ఆ అందమంతా దాని ఈత. ఈత ఆగితే రంగుల పరుగూ ఆగుతుంది. పక్క నుంచి వెలుగు పడకపోతే అసలు రంగే ఉండదు. వీడియోల్లో అంత ధగధగలాడటానికి కెమెరా పక్కనున్న లైటు కారణం.

ఇంకో సంగతి. ఈ జంతువుకి బొమ్మలు చూడగలిగే కళ్లు లేవు. తన రంగులు తనకి కనిపించవు, తోటి కోంబ్ జెల్లీలకూ కనిపించవు.

మరి చీకట్లో వెలుగుతాయని పుస్తకాల్లో ఉంది కదా?

ఉంది, అదీ నిజమే. కానీ అది వేరే సంగతి. చాలా రకాలు తాకినప్పుడు నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగును సొంతంగా పుట్టిస్తాయి. కాల్షియం తగలగానే వెలిగే ప్రోటీన్లు వాటి కణాల్లో ఉంటాయి. ఆ కణాలు సరిగ్గా దువ్వెన వరుసల కిందే ఉండటంతో జనం రెండు వెలుగులనీ కలిపేస్తారు. పగటి రంగుల పరుగు బయటి వెలుగు, చీకట్లో మెరుపు లోపలి వెలుగు.

ఈ ప్రోటీన్లకు వెలుతురు పడదు. ఎండలో ఉన్న కోంబ్ జెల్లీని తెచ్చి వెంటనే చీకటి గదిలో పెడితే మెరవదు, కొంతసేపు చీకట్లో ఉంచాలి. పుస్తకాల్లో మొదటి ఉదాహరణగా కనిపించే ప్లూరోబ్రాకియా అయితే ఎంతసేపు ఉంచినా వెలగదు. దానికి ఆ శక్తే లేదు.

కుడుతుందా? పట్టుకోవచ్చా?

కుట్టదు, దురద పెట్టదు. అయితే హేకెలియా అనే ఒక రకం కోంబ్ జెల్లీ, జెల్లీఫిష్‌కు వేలాడే టెంటకిల్స్‌ను తిని, వాటిలోని ముళ్ల కణాలను పాడుచేయకుండా దాచుకుని తానే వాడుకుంటుంది. అది మినహాయింపు.

బీచ్‌లో పడి ఉన్న పారదర్శకమైన ముద్ద ప్రతిదీ కోంబ్ జెల్లీ కాదని మాత్రం గుర్తుంచుకోండి. జెల్లీఫిష్ చచ్చిపోయాక కూడా దాని ముళ్లు పనిచేస్తాయి. ఏదో ఖాయంగా తెలియకపోతే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

మెదడు లేదంటారు, మరి పైదేదో కిందదేదో దానికెలా తెలుస్తుంది?

నోటికి అవతలి కొసన ఒక చిన్న బుడగలాంటి గది ఉంటుంది. అందులో నాలుగు శైలికల కుచ్చుల మీద ఒక చిన్న గట్టి గుళిక కూర్చుని ఉంటుంది. ఒళ్లు ఒక పక్కకి ఒరిగితే గుళిక బరువు ఒక కుచ్చు మీద ఎక్కువ పడుతుంది. ఒక్కో కుచ్చు రెండు దువ్వెన వరుసలను నడిపిస్తుంది. బరువు పడ్డ వైపు వరుసల వేగం మారి, జంతువు మళ్లీ నిటారుగా అవుతుంది. మధ్యలో ఆలోచించే అవయవం ఏదీ అక్కర్లేదు.

ఏం తింటుంది? ఎలా పట్టుకుంటుంది?

మాంసాహారి. కోపీపాడ్లనే అతి చిన్న రొయ్య జాతి జీవులు, చేప గుడ్లు, అప్పుడే పుట్టిన చేప పిల్లలు, ఒక్కోసారి తోటి కోంబ్ జెల్లీలు.

ప్లూరోబ్రాకియాని సముద్రపు నీళ్లున్న గాజు జాడీలో వేసి, పక్క నుంచి టార్చి కొట్టి చూస్తే పద్ధతి మొత్తం తెలుస్తుంది. మొదట గుండ్రటి ఒళ్లు, ఎనిమిది గీతలు తప్ప ఏమీ కనబడదు. కాసేపటికి ఒంట్లోని రెండు సంచుల్లోంచి రెండు దారాలు బయటికి జారతాయి. జారుతూ జారుతూ ఒళ్లు రెండు సెంటీమీటర్లైతే దారం పదిహేను సెంటీమీటర్లు దాటుతుంది. దాని పొడుగునా ఒకే వైపు నుంచి సన్నటి పిల్లదారాలు విప్పుకుంటాయి. ఇప్పుడది కదలడం దాదాపు మానేస్తుంది. కోపీపాడ్ ఒకటి వచ్చి పిల్లదారానికి తగులుకుని గింజుకుంటుంది. గింజుకున్నకొద్దీ ఇంకా అతుక్కుంటుంది. దారం టక్కున ముడుచుకుంటుంది, ఒళ్లు గిర్రున తిరుగుతుంది, దారం నోటి మీదుగా రాసుకుపోతుంది, కోపీపాడ్ లోపలికి పోతుంది. మళ్లీ దారం జారడం మొదలు.

ఆ అంటుకునే పని కొల్లోబ్లాస్ట్ అనే కణాలది. ఒక్కో కణం తల మీద జిగురు గుళికలు, కింద చుట్ట తిరిగిన పోగు ఉంటాయి. ఒకసారి వాడిన కణం మళ్లీ పనికిరాదు, దాని స్థానంలో కొత్తది పుట్టాలి. ఇలాంటి కణం ఇంకే జంతు వర్గంలోనూ లేదు.

నెమియోప్సిస్ అనే రకానిది ఇంకో దారి. దానికి రెండు పెద్ద రెక్కల్లాంటి మడతలుంటాయి. వాటి మధ్యకి నీటిని నెమ్మదిగా లాగుతుంది. చాలా నెమ్మదిగా, కోపీపాడ్‌కి అనుమానం రానంత నెమ్మదిగా. నీటిలో చిన్న కుదుపు తెలిస్తే చాలు, ఎగిరి దూకేసే జీవి కోపీపాడ్. దానికి కూడా తాను లోపలికి పోతున్నట్టు ఆఖరు దాకా తెలియదు.

కోంబ్ జెల్లీలను తినే కోంబ్ జెల్లీ ఉందట, నిజమేనా?

బెరో. దానికి దారాలు లేవు, మడతలు లేవు, ఉన్నదల్లా నోరు. మామూలుగా ఆ నోరు మూసుకునే ఉంటుంది. పెదవుల లోపలి కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటంతో మూసి ఉంచడానికి కష్టపడక్కర్లేదు, ఈత నున్నగా సాగుతుంది. నెమియోప్సిస్ తగిలిందా, అతుకు విడిపోతుంది, నోరు ఒంటి వెడల్పంతా తెరుచుకుంటుంది, తనంత సైజున్న దాన్ని కూడా మింగేస్తుంది. మరీ పెద్దదైతే కొరుకుతుంది. పళ్లు లేకుండా కొరకడమేమిటంటారా? పెదవుల లోపల వేల శైలికలు ఒకే కట్టగా బిగుసుకుని, కొస పదునుగా ఉండే ముళ్లుంటాయి. ఈదడానికి వాడే సరుకుతోనే ఇది కోరలు కూడా చేసుకుంది.

దీనికి మలద్వారం అవసరమైనప్పుడే పుడుతుందా?

నెమియోప్సిస్‌లో అంతే. అమెరికాలో వుడ్స్ హోల్ మెరైన్ బయలాజికల్ లాబొరేటరీకి చెందిన సిడ్నీ టామ్ 2019లో ప్రకటించిన విషయం ఇది. వ్యర్థం పేరుకున్నకొద్దీ పేగులో ఒక భాగం ఉబ్బి చర్మానికి ఆనుతుంది. ఆనిన చోట రెండు పొరలూ కలిసి రంధ్రం పడుతుంది, పని అయిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. తర్వాత సూక్ష్మదర్శినిలో వెతికినా ఆనవాలు ఉండదు. పెద్దవాటిలో ఇది గంటకోసారి, పిల్లల్లో పది నిమిషాలకోసారి జరుగుతుంది.

అంతకుముందు చాలాకాలం తిన్నదీ విడిచేదీ ఒకే నోటి నుంచని పాఠాల్లో చెప్పేవారు. 2016లో విలియం బ్రౌన్ చూపించిన వీడియోలతో ఆ మాట చెల్లకుండా పోయింది.

రెండు కోంబ్ జెల్లీలు కలిసి ఒకటైపోయాయన్న వార్త నిజమా?

నిజం. 2024 అక్టోబరులో వచ్చింది. కేయ్ జోకురా బృందం తొట్టెలోని నెమియోప్సిస్‌లలో ఒకటి మరీ పెద్దగా ఉండటం గమనించింది. తేరిపార చూస్తే దానికి రెండు వెనక కొసలు, తూకం చూసే అవయవాలు రెండు. దెబ్బ తగిలిన రెండు జంతువులు అతుక్కుపోయాయేమో అన్న అనుమానంతో, వేర్వేరు జంతువుల పక్క భాగాలు కొంచెం కోసి, జతలుగా ఆనించి ఒక రాత్రి వదిలేశారు. పది జతల్లో తొమ్మిది తెల్లారేసరికి కలిసిపోయాయి.

కలిసిపోవడమంటే తోలు అతుక్కోవడం కాదు. ఒక పక్క తాకితే రెండు పక్కలా ఉలిక్కిపడేవి. రెండు గంటల్లోపే కండరాల కదలికలు దాదాపు పూర్తిగా ఒకే తాళానికి వచ్చేశాయి. ఒక నోట్లో మెరిసే రంగు పట్టించిన రొయ్య పిల్లలను పెడితే ఆ ఆహారం రెండో దాని పేగులోకి కూడా వెళ్లింది. వ్యర్థం మాత్రం రెండు ద్వారాల నుంచీ, వేర్వేరు సమయాల్లో బయటికి వచ్చింది.

మనలో అవయవ మార్పిడి అంటే ఎంత టెన్షనో తెలిసిందే. పరాయి కణాన్ని శరీరం తిప్పికొడుతుంది, జీవితాంతం మందులు వాడాలి. నెమియోప్సిస్‌కి తనదేదో పరాయిదేదో తేల్చుకునే ఏర్పాటు లేదేమో అన్నది ఈ ప్రయోగం లేవనెత్తిన ప్రశ్న.

వయసు వెనక్కి తిప్పుకుంటుందని కూడా విన్నాం.

అదీ నెమియోప్సిసే, అదీ 2024లోనే. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో జోవాన్ సోటో-ఆంజెల్, పావెల్ బుర్ఖార్ట్ గమనించారు. తిండి లేకుండా ఉంచి, మడతలు కోసేస్తే, కొన్ని పెద్ద జంతువులు కుంచించుకుపోయి పిల్లదశ ఆకారానికి వచ్చాయి. ఆకారం ఒక్కటే కాదు, పిల్లప్పటి దారాలు మళ్లీ మొలిచాయి, వాటితో పిల్లప్పటి పద్ధతిలోనే వేటాడాయి. తిండి దొరికాక మళ్లీ పెరిగాయి. దీన్ని పట్టుకుని కొన్ని ఛానెళ్లు అమరత్వం అని హెడ్‌లైన్లు పెట్టాయి. బెరో ముందు ఆ అమరత్వం ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

నరాలు కూడా మనలాంటివి కావట కదా?

మన నరకణాలు చాలావరకు ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో సన్నని సందు ఉంటుంది, సందేశం ఆ సందును రసాయనాలతో దాటుతుంది. ఈ విషయం మీద కహాల్, గోల్జీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎంత వాదించుకున్నారంటే, 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చినా రాజీ కుదరలేదు. నరాలన్నీ ఒకే అతుకుల్లేని వల అని గోల్జీ అన్నాడు, విడివిడి కణాలని కహాల్ అన్నాడు. కహాల్ గెలిచాడు.

2023లో బుర్ఖార్ట్ బృందం నెమియోప్సిస్ పిల్లల చర్మం కింది నరాల వలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, ఆ వలలోని కణాలు నిజంగానే ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. గోల్జీ చెప్పింది మన మెదడు విషయంలో తప్పే, కానీ ఈ జంతువులో అలాంటి వల ఉంది. దీనికి తోడు మన నరాలు వాడే సెరటోనిన్, డోపమైన్ వంటి రసాయనాల జాడ ఇందులో లేదు. 2014లో ప్లూరోబ్రాకియా జన్యుపటాన్ని ప్రచురించిన లియొనిద్ మొరోజ్, నరాలు భూమి మీద రెండుసార్లు విడివిడిగా పుట్టి ఉండాలని వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. నన్నడిగితే, ఈ జంతువు గురించి నడుస్తున్న వాదాల్లో అన్నిటికంటే రుచికరమైనది ఇదే.

జంతువుల్లో మొట్టమొదటిది ఇదేనా?

ఇప్పుడు ఈదుతున్న కోంబ్ జెల్లీ ఎవరికీ తాత కాదు. మనం ఎంత కొత్తవాళ్లమో అదీ అంతే కొత్తది. అసలు ప్రశ్న వేరు. జంతువులన్నిటికీ ఉమ్మడి పూర్వీకుల నుంచి మొదట వేరుపడిన శాఖ ఏది? వందేళ్లకు పైగా స్పంజికలే (స్పాంజ్ జీవులే) అన్నారు, ఎందుకంటే వాటికి నరాలు లేవు, కండరాలు లేవు, సాదాసీదాగా ఉంటాయి. 2008లో జన్యువుల లెక్కలు వేసినప్పుడు మొదటి శాఖ కోంబ్ జెల్లీలదని వచ్చింది. పదిహేనేళ్లు కొట్లాట నడిచింది. ఏ లెక్క వేసేవాళ్లకి ఆ జవాబు వచ్చేది.

2023లో డారిన్ షుల్ట్జ్ తదితరులు ఇంకో దారి పట్టారు. జన్యువుల అక్షరాలు కాకుండా, క్రోమోజోముల మీద ఏ జన్యువులు కలిసి ఉన్నాయో చూశారు. కొత్త పేకముక్కల కట్టలు రెండు తీసుకుని కలిపేశారనుకోండి. ఒకసారి కలిశాక, మళ్లీ దేనికది విడిపోయేలా అనుకోకుండా కలపడం జరగని పని. క్రోమోజోములూ అంతే. స్పంజికల్లో, జెల్లీఫిష్‌లో, మనలాంటి మిగతా జంతువుల్లో కొన్ని పాత కట్టలు ఒకే తీరున కలిసిపోయి ఉన్నాయి. కోంబ్ జెల్లీల్లో, జంతువులకు చుట్టాలైన ఏకకణ జీవుల్లో అవి ఇంకా కలవకుండానే ఉన్నాయి. అంటే ఆ కలిపిన ఘట్టానికి ముందే కోంబ్ జెల్లీల శాఖ విడిపోయిందన్నమాట.

వాదన పూర్తిగా చల్లారలేదు. కానీ ఈ ఫలితం నిలబడితే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మిగులుతుంది. మొదట వేరుపడిన శాఖకే నరాలు, కండరాలు ఉంటే స్పంజికలు వాటిని పోగొట్టుకున్నాయా, లేక కోంబ్ జెల్లీలు సొంతంగా తయారుచేసుకున్నాయా?

ఇంత మెత్తటి జీవికి శిలాజాలు దొరుకుతాయా?

అరుదుగా దొరుకుతాయి. చైనాలోని యునాన్‌లో చెంగ్‌జియాంగ్ రాళ్లలో సుమారు 52 కోట్ల ఏళ్లనాటివి ఉన్నాయి. కెనడా బర్జెస్ షేల్‌లో దొరికిన కొన్నింటికి దువ్వెన వరుసలు ఎనిమిది కాదు, ఇరవై నాలుగు.

పిల్లల్ని ఎలా కంటాయి?

ఎక్కువ రకాల్లో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి. గుడ్లనూ వీర్యకణాలనూ నీటిలోకి వదిలేస్తాయి. నెమియోప్సిస్ తోడు లేకపోయినా తన గుడ్లను తానే ఫలదీకరించుకోగలదు. పుట్టిన రెండు వారాలకే గుడ్లు మొదలుపెడుతుంది, తిండి బాగా దొరికితే రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకుని కింది ప్రశ్న చదవండి.

నల్ల సముద్రాన్ని నాశనం చేసింది ఇదేనా?

నాశనంలో దీని వాటా పెద్దదే, కానీ మొత్తం నేరం దీని నెత్తిన వేయడం అన్యాయం.

నెమియోప్సిస్ సొంత ఊరు అట్లాంటిక్‌కు అమెరికా వైపు తీరం. సరుకు దింపేసిన ఓడలు తూకం కోసం అడుగున సముద్రపు నీరు నింపుకుంటాయి. దాన్ని బ్యాలస్ట్ నీరంటారు. అవతలి రేవులో సరుకు ఎక్కించేటప్పుడు ఆ నీటిని పారబోస్తాయి. అలా 1980ల మొదట్లో ఇది నల్ల సముద్రానికి చేరింది. అప్పటికే అక్కడ పరిస్థితి బాగోలేదు. దాన్యూబ్ తదితర నదుల నుంచి ఎరువుల నీరు చేరి పాచి పెరిగిపోయింది, పెద్ద చేపలను జనం ముందే పట్టేసుకున్నారు, మిగిలింది యాంకోవీ. మన నెత్తళ్ల కుటుంబానికి చెందిన చిన్న చేప అది. యాంకోవీ తినే తిండినే నెమియోప్సిస్ తింటుంది, పైగా యాంకోవీ గుడ్లనూ పిల్లలనూ తింటుంది. తనను తినేది అక్కడ ఏదీ లేదు. 1989కల్లా సముద్రం దీంతో నిండిపోయింది. టర్కీ, సోవియట్ తీరాల్లో యాంకోవీ వేట కుప్పకూలింది.

శాస్త్రవేత్తలు దీన్ని తినే జీవిని తెచ్చి వదలాలా వద్దా అని చర్చిస్తుండగానే 1997లో బెరో ఓవాటా దానంతటదే వచ్చేసింది, బహుశా మళ్లీ బ్యాలస్ట్ నీటిలోనే. అది దాదాపుగా కోంబ్ జెల్లీలనే తింటుంది. నెమియోప్సిస్ తగ్గింది, దాంతో బెరో తగ్గింది, చేపలు కొంత కోలుకున్నాయి.

1999లో నెమియోప్సిస్ కాస్పియన్ సముద్రంలో తేలింది. అక్కడ కిల్కా అనే చిన్న చేపల వేట దెబ్బతింది, ఇరాన్ తీరపు జాలర్ల బతుకులు తలకిందులయ్యాయి. 2006లో బాల్టిక్‌లోనూ కనిపించింది. ఓడల బ్యాలస్ట్ నీటిని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చింది. దాని వెనకున్న కారణాల్లో ఈ కథ ముఖ్యమైనది.

మన తీరంలో ఉన్నాయా?

ఉన్నాయి. ప్లూరోబ్రాకియా, బెరో రెండూ బంగాళాఖాతంలో సహజంగానే ఉంటాయి. ఎవరో ఓడలో తెచ్చినవి కావు. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో క్రూసడై దీవి పేరు పెట్టుకున్న పాకే రకం కూడా ఒకటుంది, కోయెలోప్లానా క్రూసడియెన్సిస్. వలల్లో పడుతుంటాయి కానీ, నీటి నుంచి తీయగానే కూలిపోయి జిగురు ముద్దవుతాయి. చూడాలంటే నీటిలో ఉండగానే వెడల్పు మూతి గాజు సీసాతో నీటితో సహా పైకి తీయాలి. వేళ్లతో గానీ వలతో గానీ పడితే చిరిగిపోతాయి. ఫార్మలిన్‌లో దాచుదామన్నా చాలా రకాలు కరిగిపోతాయి. కాలేజీ మ్యూజియంలో సీసాల్లో ఇవి కనబడకపోవడానికి అదో కారణం.

అమెరికాలో ఉంటున్నాం, ఎక్కడ చూడొచ్చు?

న్యూజెర్సీ, మేరీలాండ్ వైపు ఉండేవాళ్లు వేసవిలో బార్నిగట్ బే, చెసపీక్ బే దగ్గరికి వెళ్తే చాలు. నెమియోప్సిస్ సొంత ఇల్లు అదే. రాత్రిపూట పడవ పక్కన నీటిలో చెయ్యి ఆడిస్తే మెరుపులు కనిపిస్తాయి. బే ఏరియావాళ్లకు మాంటెరే బే అక్వేరియం అందుబాటులో ఉంది. 2022లో అక్కడ తెరిచిన లోతు సముద్రపు విభాగంలో రక్తం రంగు పొట్ట ఉన్న కోంబ్ జెల్లీని కూడా ప్రదర్శనకు పెట్టారు.

దాని పొట్ట ఎర్రగా ఎందుకు?

అది లోతులో బతికే జీవి. మింగిన ఆహారం పొట్టలో ఉండగా మెరిస్తే, పారదర్శకమైన ఒంటిలోంచి ఆ మెరుపు బయటికి కనిపించి పెద్ద జంతువులకు ఆచూకీ దొరుకుతుంది. లోతుకు ఎర్ర కాంతి చేరదు కాబట్టి అక్కడ ఎరుపంటే నలుపే. పొట్టకు నల్ల తెర కట్టుకున్నట్టే లెక్క.

లోతు రకాలను పైకి తేవడం పెద్ద కష్టం. వాటి కణాల పొరల్లోని కొవ్వులు విపరీతమైన ఒత్తిడిలోనే సరైన ఆకారంలో నిలుస్తాయి, ఒత్తిడి పోతే పొరలే విచ్చిపోతాయి. 2024లో అమెరికా పరిశోధకులు దీన్ని విడమరిచి చూపారు. ఈ బాధ పడలేకనేమో, ప్యూర్టో రికో దగ్గర 2015లో సుమారు 3,900 మీటర్ల లోతులో కనిపించిన ఒక రకానికి కేవలం వీడియో చూసే పేరు పెట్టారు, డుయోబ్రాకియం స్పార్క్సే అని. 2020లో అది ప్రచురితమైంది. దాని నమూనా ఏ మ్యూజియంలోనూ లేదు.

ఇంట్లో అక్వేరియంలో పెంచుకోవచ్చా?

వద్దు. మూలలున్న తొట్టెలో మూలకి కొట్టుకుని చిరుగుతుంది, ఫిల్టరు పీల్చేస్తుంది, గాలి బుడగ ఒంట్లో ఇరుక్కుంటే చస్తుంది. అక్వేరియంలవాళ్లు క్రైసెల్ అనే గుండ్రటి తొట్టెల్లో నీటిని నెమ్మదిగా తిప్పుతూ, రోజూ బతికున్న మేత పెడుతూ కాపాడతారు.

జెల్లీఫిష్‌ను ఎగుమతి చేస్తారు కదా, దీన్నీ తింటారా?

తినరు. ఆంధ్ర తీరం నుంచి ఎగుమతయ్యే జెల్లీఫిష్ దళసరిగా, కరకరలాడే రకం. ఉప్పూ పటికా పట్టించి ఎండబెడితే నిలుస్తుంది. కోంబ్ జెల్లీకి ఉప్పు పట్టిస్తే మిగిలేది ఉప్పే. చేపలు, తాబేళ్లు మాత్రం ఇష్టంగా తింటాయి.

నీట్‌కి చదువుతున్నాను. పైన చెప్పినవి రాయాలా, పుస్తకంలోవి రాయాలా?

పుస్తకంలోవే రాయండి. వలయ సౌష్ఠవం, ద్విస్తరితం, కణజాల స్థాయి, ఎనిమిది వరుసల దువ్వెన ఫలకాలు, జీవసందీప్తి, లైంగిక ప్రత్యుత్పత్తి మాత్రమే, బాహ్య ఫలదీకరణ, పరోక్ష అభివృద్ధి. ఉదాహరణలు ప్లూరోబ్రాకియా, టీనోప్లానా. మార్కులు వీటికే.

కుతూహలం కొద్దీ అడిగితే, ఇందులో మూడు చోట్ల మెలిక ఉంది. ఈ జీవిని ఎటు కోసినా సమానంగా రాదు, రెండు నిర్దిష్టమైన కోతల్లోనే వస్తుంది. పాకే రకాలు ఒంటి ముక్కలు వదిలి, వాటి నుంచి కొత్త జీవులుగా పెరుగుతాయి, అంటే లైంగిక ప్రత్యుత్పత్తి ఒక్కటే కాదు. జీవసందీప్తి పక్కనే ఉదాహరణగా ఇచ్చిన ప్లూరోబ్రాకియా వెలగనే వెలగదు. నాలుగు ఆప్షన్లలో ఇవేవీ ఉండవు కాబట్టి, ఈ వాదన ర్యాంకు వచ్చాక లెక్చరర్‌తో పెట్టుకోండి.